రోహిణి కార్తెలో మూడో అధ్యాయం

విశ్వవిద్యాలయాల క్యాలెండర్‌లో మే నెలకు ఎదురుగా ఒకే మాట ఉంటుంది: సెలవులు. పరీక్షలు అయిపోతాయి, తరగతి గదులకు తాళాలు పడతాయి, హాస్టల్ మెస్సులో పొయ్యి ఆరిపోతుంది. పీజీ పిల్లలు పరుపులు చుట్టి, బకెట్లో సబ్బుపెట్టె వేసుకొని బస్సెక్కుతారు. పరిశోధక విద్యార్థి కూడా వాళ్ల వెంటే బయలుదేరుతాడు. కాకపోతే అతని సంచిలో బట్టలు తక్కువ, జిరాక్సు కాగితాలు ఎక్కువ. గైడు ఎర్ర సిరాతో గీతలు పెట్టిన రెండు అధ్యాయాలు, ఇంకా మొదలుకాని మూడోదాని కోసం ఒక నోటుబుక్కు, రికార్డరుగా పనికొచ్చే ఫోను. కరీంనగర్ బస్‌స్టాండులో దిగేసరికి మిట్టమధ్యాహ్నం. అక్కడి నుంచి సిరిసిల్ల వైపో, జగిత్యాల వైపో, లక్సెట్టిపేట, జన్నారం దాటి ఉట్నూరు వైపో ఇంకో బస్సు. కిటికీ ఊచ ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంటుంది.

ఇంట్లోకి రాగానే అమ్మ రంజన్‌లో నీళ్లు ముంచి ఇస్తుంది. నాన్న కాసేపు ఆగి, "ఇంకెన్నొద్దులు బిడ్డా ఈ సదువు?" అంటాడు. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం పిహెచ్.డి.కి కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు. ఈ లెక్క చెప్పి నాన్నను ఒప్పించినవాడు ఉత్తర తెలంగాణలో ఇంకా పుట్టలేదు. లోగడ ఎం.ఫిల్. అని నడుమ ఒక మెట్టు ఉండేది. తొందరగానే ఒక పట్టా చేతికొచ్చేది, ఇంట్లో చూపించుకోవడానికైనా పనికొచ్చేది. అవే నిబంధనలు ఆ మెట్టును తీసేశాయి. ఇప్పుడు పీజీ తర్వాత ఒక్కసారిగా పెద్ద ఎత్తు ఎక్కాలి. డబ్బున్నవాడికి అది పెద్ద సంగతి కాదు. కౌలు రైతు కొడుక్కి, బీడీలు చుట్టే తల్లి బిడ్డకు పెద్ద సంగతే.

మన చదువుల లెక్కలో ఎండకాలం ఖాళీ కాలం. కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల మీద పనిచేసే పరిశోధకునికి మాత్రం ఏడాదిలో అసలు పని జరిగేది అప్పుడే. ఈ సంగతి విద్యార్థికి తెలుసు, పల్లెకు తెలుసు. తెలియనిది క్యాలెండరు తయారుచేసేవాళ్లకే.

ఇక్కడి ఎండను జనం కార్తెలతో లెక్కపెడతారు. ఏప్రిల్ ఆఖర్లో భరణి, మే రెండో వారంలో కృత్తిక, మే 25 నాటికి రోహిణి, జూన్ 8కి మృగశిర. రోహిణిలో రోళ్లు పగులుతాయని సామెత. రామగుండం, మంచిర్యాల బొగ్గుగనుల నుంచి జగిత్యాల, నిర్మల్ దాకా 45 డిగ్రీలు దాటే రోజులు దాదాపు ఏటా వస్తాయి. చలికాలం వచ్చిందంటే రాష్ట్రంలో అతి తక్కువ ఉష్ణోగ్రతలు నమోదయ్యేదీ ఈ ఆదిలాబాద్ వైపే. వానాకాలంలో దాదాపు వెయ్యి మిల్లీమీటర్లు కురిసేదీ అక్కడే. ఏ కాలమూ ఇక్కడ సగంసగంగా రాదు.

ఈ ఎండలో పని చేయాలంటే రోజును తిరగేసుకోవాలి. నాలుగింటికి లేవడం, ఆరింటికల్లా అనుకున్న ఊరు చేరడం, పది దాటకముందే తిరిగి రావడం. జేబులో ఉల్లిగడ్డ, నెత్తికి రుమాలు, సీసాలో సల్ల. పన్నెండు నుంచి నాలుగు దాకా వీధిలో కుక్క కూడా తిరగదు. అప్పుడు కూలరు ముందు కూర్చొని పొద్దున రికార్డు చేసిన మాటలను కాగితం మీదికి దించడం. గంట మాటలకు అయిదారు గంటల రాత. కరెంటు పోతే కూలరు ఆగుతుంది, పెన్ను ఆగదు. చెమట పడి సిరా అలుక్కుపోయిన పేజీలు ప్రతి పరిశోధకుని దగ్గరా కొన్ని ఉంటాయి. గైడుకు అవి చూపించరు, టైపు చేసిన కాగితమే చూపిస్తారు.

పల్లె ఈ నెలల్లో ఏం చేస్తుందో ఒకసారి చూడండి. వానాకాలంలో రైతు దగ్గరికి పోయి ప్రశ్నావళి తీస్తే "నాటు అయినంక రా" అంటాడు. దసరా తర్వాత పత్తి తీతలు, వరి కోతలు. యాసంగి మళ్లీ నాట్లు. యాసంగి వడ్లు అమ్ముడుపోయాక, మృగశిర వాన పడేలోగా, మనిషి మంచం మీద కూర్చొని మాట్లాడే తీరిక ఒక్క నెలా నెలన్నర. తీరిక అన్నాను గాని అది పొలం పని లేకపోవడం మాత్రమే. ఆ నెలల్లో పని వేరే దిక్కు పోతుంది. ఉపాధి హామీ పనులకు ఎక్కువ మంది వచ్చేది ఎండకాలంలోనే. 2006 ఫిబ్రవరిలో ఆ పథకం దేశంలో 200 జిల్లాల్లో మొదలైనప్పుడు కరీంనగర్, ఆదిలాబాద్ రెండూ ఆ జాబితాలో ఉన్నాయి. ఆడవాళ్లు పొద్దు పొడవకముందే గడ్డపారలు, తట్టలు పట్టుకొని చెరువు లోపలికి దిగుతారు. ఎండిన చెరువు అడుగు చూడాలన్నా, ఒండ్రుమట్టి ఏ పొలాలకు పోతోందో ఎవరి పొలాలకు పోవడం లేదో తెలుసుకోవాలన్నా మే నెలలోనే పోవాలి. 2015లో మిషన్ కాకతీయ మొదలైనప్పుడు పూడిక మట్టి మీద ఎన్ని మాటలు విన్నాం! ఆ మట్టి ట్రాక్టరు ఎవరి గట్టు దగ్గర ఆగిందన్న ప్రశ్న అడగడానికి ఆగస్టులో పోతే చెరువు నిండి ఉంటుంది, జవాబు నీళ్లలో ఉంటుంది.

అడవి వైపు పోతే ఇంకా స్పష్టం. ఇప్పపువ్వు మార్చి, ఏప్రిల్ నెలల్లో రాత్రంతా రాలుతుంది. చీకటితోనే బుట్టలు పట్టుకొని చెట్టు కిందికి చేరాలి. దాని వెనకే తునికాకు. ఏప్రిల్, మే నెలల్లో కుటుంబం మొత్తం తెల్లవారకముందే అడవికి పోయి ఆకు తెస్తుంది. మధ్యాహ్నం నీడపట్టున కట్టలు కట్టి, సాయంత్రం కల్లంలో అప్పగించి, లెక్క రాయించుకుంటుంది. కట్టకు 50 ఆకులు, వెయ్యి కట్టలు ఒక ప్రామాణిక సంచి. ఈ ఆకు ఎండి, లారీలెక్కి, తిరిగి జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల, నిర్మల్ ఇళ్లల్లో ఆడవాళ్ల ఒళ్లో బీడీల చాటల్లోకి చేరుతుంది. ఆదిలాబాద్ అడవినీ కరీంనగర్ ఇంటి గడపనూ కలిపే దారుల్లో ఇదొకటి. దీని మీద పని చేసే విద్యార్థి కల్లం దగ్గర మే నెలలో నిలబడకపోతే, అతనికి దొరికేది అటవీశాఖ పట్టిక ఒక్కటే.

బీడీలు చుట్టే అమ్మల దగ్గర ఒక వీలు ఉంది. చేతులకు తీరిక ఉండదు, నోటికి అడ్డు ఉండదు. నానబెట్టిన ఆకును కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, దారం కట్టి పక్కన పెడుతూనే తన పెళ్లి సంగతి, దుబాయి పోయిన పెనిమిటి సంగతి, కమీషనుదారు తీసేసిన బీడీల సంగతి చెబుతూ పోతుంది. పీఎఫ్ ఖాతా ఉంటే సర్కారు ఇచ్చే బీడీ కార్మికుల భృతి, లేకపోతే లేదు. ఆ ఖాతా ఎవరికి ఉంది, ఎవరికి ఎందుకు లేదు అన్నది ఒక పూర్తి అధ్యాయానికి సరిపోయే విషయం. అయితే ఈ మాటలు అమ్మాయికి చెప్పినట్టు అబ్బాయికి చెప్పరు. నాలుగు గోడల మధ్య జరిగే ఈ పని మీద మంచి పరిశోధన రావాలంటే ఆడపిల్లలే చేయాలి.

ఆడపిల్లకు ఇదే ఎండకాలం ఇంకో ముచ్చట తెస్తుంది. పెండ్లిళ్ల ముహూర్తాలన్నీ ఈ నెలల్లోనే. ఆమె సంచి దించకముందే ఇంట్లో ఒక ఫొటో, ఒక బయోడేటా సిద్ధంగా ఉంటాయి. "ఎండల ఎటు పోతవ్ బిడ్డా, నల్లగైతవ్" అన్న మాట వెనక ఎండ భయం కన్నా సంబంధం భయం ఎక్కువ. పగలు ఫీల్డుకు పోవడానికి తమ్ముణ్ణి తోడు తీసుకుపోవాలి. వాడికి సినిమా డబ్బులు ఇచ్చుకోవాలి. ఆ ఖర్చు ఏ ఫెలోషిప్ పద్దులోనూ రాయడానికి వీలుండదు. ఇన్నిటి మధ్య నుంచి కూడా ఆడపిల్లలు థీసిస్‌లు రాసుకొని బయటపడుతున్నారు. వాళ్ల పట్టుదలను మెచ్చుకునే వ్యాసాలు చాలా వస్తాయి. జిల్లా కేంద్రంలో మే నెలలో ఉండటానికి ఒక గది, రెండు పూటల తిండి ఏర్పాటు చేసే ఉత్తర్వు ఒక్కటి వస్తే ఆ మెచ్చుకోళ్లు లేకపోయినా ఫరవాలేదు.

ఇక దోస్తులు. థీసిస్ ఒక్కడే రాసేదని అనుకునేవాళ్లు ఎండకాలంలో ఆ ఒక్కణ్ణి చూడాలి. చిన్ననాటి దోస్తుల్లో ఒకడు కరీంనగర్ జిల్లా గ్రంథాలయంలో గ్రూప్స్ పుస్తకాల వెనక దాక్కొని ఉంటాడు. ఒకడు సిరిసిల్లలో మరమగ్గాల దగ్గర. ఒకడు మస్కట్ నుంచో, షార్జా నుంచో నెలా రెండు నెలల సెలవు మీద చెల్లె పెండ్లికి వచ్చి ఉంటాడు. ఇంకొకడు ఊళ్లోనే ఉండి ట్రాక్టరు నడుపుతున్నాడు. బండి గల్ఫ్ దోస్తుది, పెట్రోలు గ్రూప్స్ దోస్తుది, దారి చూపేది ట్రాక్టరు దోస్తు. ప్రశ్నలు అడిగేవాడు ఒక్కడే గాని జవాబులు తవ్వేది నలుగురూ. "అన్నా, గా ముచ్చట గట్ల అడుగుతె చెప్పడు, ముందుగాల బాయి సంగతి అడుగు" అని పక్కనుంచి అందించిన మాటతో ఒక ఇంటర్వ్యూ మొత్తం మలుపు తిరుగుతుంది. పరిశోధనా పద్ధతుల పుస్తకంలో దీనికి పెద్ద పేర్లు ఉన్నాయి. ఊళ్లో దీన్ని దోస్తానా అంటారు.

సాయంత్రం దిగువ మానేరు కట్ట మీదికో, 2023 జూన్‌లో తెరిచిన తీగల వంతెన మీదికో చేరితే, పొద్దటి సంగతులన్నీ మళ్లీ ఒకసారి నలుగుతాయి. నీళ్లు బాగా లోపలికి పోయి ఉంటాయి. గాలి మాత్రం వస్తుంది. గల్ఫ్ దోస్తు అడుగుతాడు: "గీ బీడీలోళ్ల మీద రాస్తే నీకేమొస్తది?" ఎంత గట్టి పరీక్షకుడైనా వైవాలో ఇంతకన్నా సూటి ప్రశ్న వేయలేడు. దానికి ఆ రాత్రి తడుముకున్న జవాబే తర్వాత ఉపోద్ఘాతంలో రెండు పేరాలవుతుంది. గ్రూప్స్ దోస్తు గణాంకాలు సరిచూస్తాడు, ఎందుకంటే అతనికి జనాభా లెక్కలు నోటికి వచ్చు. ఇక్కడ ఒక చిక్కు కూడా ఉంది. 2016 అక్టోబరు 11న పాత కరీంనగర్ ప్రధానంగా కరీంనగర్, జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల జిల్లాలుగా, పాత ఆదిలాబాద్ ఆదిలాబాద్, నిర్మల్, మంచిర్యాల, కుమ్రం భీం ఆసిఫాబాద్ జిల్లాలుగా విడిపోయాయి. చేతిలో ఉన్న జనాభా లెక్కలు 2011వి, అంటే పాత జిల్లాలవి. దరఖాస్తు ఇవ్వాల్సింది కొత్త కలెక్టరేట్లో. మండలం మండలం కూడి కొత్త పట్టిక తయారు చేయడానికి రెండు రాత్రులు, నాలుగు సోడాలు కావాలి.

ఇట్లా ఊళ్లు తిరిగి రాసిన పెద్దల సంగతి కొత్త పిల్లలకు ఒకసారి గుర్తుచేయడం మంచిది. బిరుదురాజు రామరాజు వరంగల్ జిల్లా దేవనూరులో పుట్టారు. ఉస్మానియా తెలుగు శాఖ నుంచి 1956లో మొదటి పిహెచ్.డి. ఆయనదే. విషయం తెలుగు జానపద గేయ సాహిత్యం. పండితులు పాటను ఇంకా సాహిత్యంగా ఒప్పుకోని రోజుల్లో, ఊరూరా తిరిగి పాట కట్టినవాళ్ల దగ్గర, పాడేవాళ్ల దగ్గర కూర్చొని సేకరించుకున్నారు. టేపు రికార్డరు ఎవరి చేతికీ దొరకని కాలం. అంటే మనిషి పాడుతుంటే రాసుకోవాలి, రాసుకున్నది మళ్లీ పాడించుకొని సరిచూసుకోవాలి. భద్రిరాజు కృష్ణమూర్తి పర్యవేక్షణలో రైతుల నోటి మాటలతో తయారైన వ్యవసాయ పదకోశం 1962లో వచ్చింది, చేనేత పదకోశం 1971లో. నాగలిలోని ప్రతి కొయ్యముక్కకూ, మగ్గంలోని ప్రతి దారానికీ ఏ జిల్లాలో ఏ పేరో వాటిలో ఉంది. ఆ పేర్లు చెప్పిన రైతులు, నేతగాళ్లు ఎవరో మన తరానికి తెలియదు. వాళ్ల తీరిక వేళలు చూసుకొని పోకపోతే ఆ పుస్తకాలు లేవు.

గ్రంథాలయంలో కూర్చొని రాసే థీసిస్ తక్కువదని ఇక్కడ అనడం లేదు. వేములవాడ పక్క హనుమాజీపేటలో పుట్టిన సి. నారాయణరెడ్డి ఉర్దూ మాధ్యమంలో చదువుకొని, ఆధునికాంధ్ర కవిత్వం సంప్రదాయాలు, ప్రయోగాల మీద 1962లో ఉస్మానియా నుంచి డాక్టరేటు తీసుకున్నారు. ఆ పుస్తకం నేటికీ పీజీ పిల్లలకు ఆధారం. దానికి కావలసింది పుస్తకాలు, చదివిన మనసు. ఎండ ఆయనను ఏమీ చేయలేదు, ఎండ వల్ల ఆయనకు కలిసొచ్చిందీ లేదు.

మానవశాస్త్రవేత్త క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్ కథ ఇంకో రకం. వియన్నాలో ఆయన డాక్టరేటు అస్సాం, వాయవ్య బర్మా కొండ జాతుల మీద. ఆ కొండలు చూడకుండా, గ్రంథాలయంలో దొరికిన పుస్తకాలతోనే రాశారు. తర్వాత నాగా కొండల్లో తిరిగారు. రెండో ప్రపంచ యుద్ధం మొదలైనప్పుడు జర్మన్ పాస్‌పోర్టు చేతిలో ఉన్నందుకు హైదరాబాదు రాజ్యంలోనే ఉండిపోవలసి వచ్చింది. 1940లో జోడేఘాట్‌లో గోండు నాయకుడు కుమ్రం భీంను చంపిన తర్వాత, గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవాలని నిజాం ప్రభుత్వానికి అనిపించింది. అట్లా ఆయన, భార్య బెట్టీ ఆదిలాబాద్ అడవుల్లోని మార్లవాయికి చేరారు. ఊళ్లో మకాం పెట్టినవాడు వినాల్సింది, చూడాల్సింది అక్కడ నేర్చుకున్నారు. 1943లో అక్కడే గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం మొదలైంది. ఆదిలాబాద్ రాజగోండుల మీద ఆయన పుస్తకం 1948లో అచ్చయింది. బెట్టీ 1987 జనవరిలో హైదరాబాదులో చనిపోతే మార్లవాయికి తెచ్చి సమాధి చేశారు. 1995లో ఆయన పోయారు. తర్వాత ఆయన అస్థికలు కూడా ఆ ఊరికే చేరాయి. ఏటా జనవరిలో ఊరు వాళ్ల వర్ధంతి జరుపుకుంటుంది. నిజాం పంపిన మనిషని ఆయనను విమర్శించేవాళ్లు ఉన్నారు, ఆ విమర్శలో పస ఉంది. అయినా తన మీద రాసినవాడికి ఏటా ఊరంతా కలిసి వర్ధంతి చేయడం మాత్రం ఏ పరిశోధనా పత్రం తెచ్చిపెట్టగల పేరు కాదు.

హైమెండార్ఫ్‌కు దుబాసీలు కావాల్సి వచ్చింది. ఇప్పుడు ఉట్నూరు, జైనూరు, నార్నూరు నుంచి గోండి, కొలామీ ఇంటి భాషగా ఉన్న పిల్లలే విశ్వవిద్యాలయాలకు వస్తున్నారు. నార్నూరు మండలం గుంజాలలో పాత గోండి రాతప్రతులు బయటపడ్డాక, హైదరాబాదు విశ్వవిద్యాలయం వాళ్లు, జయధీర్ తిరుమలరావు వంటివారు వాటి మీద పనిచేశారు. 2018లో ఆ లిపి యూనికోడ్‌లోకి ఎక్కింది. అంటే ఆ ఊరి పిల్లవాడు ఇవాళ తన తాత రాసిన అక్షరాలను ఫోనులో కొట్టగలడు, కనీసం సూత్రప్రాయంగా. (ఆ ఫాంటు ఏ జిరాక్సు సెంటర్‌లో ఉందని అడగకండి.) ఈ పిల్లలు ఎండకాలం ఇంటికి పోతే, అది వాళ్లకు సెలవూ, ఫీల్డూ. గోండుల పెండ్లిళ్లు ఎక్కువగా ఈ కాలంలోనే. కిక్రీ వాద్యం పట్టుకొని ప్రధాన్ తెగవాళ్లు కథ చెప్పే సందర్భాలూ ఉంటాయి. పెద్దమ్మ కొడుకు పెండ్లిలో వంట చూస్తూనే పాట రికార్డు చేసుకోవచ్చు. పెండ్లి పని ఎగ్గొట్టి రికార్డు చేసుకుంటే మాత్రం పెద్దమ్మ క్షమించదు. బయటినుంచి వచ్చిన పరిశోధకునికి ఈ తిప్పలు ఉండవు, ఈ పాటా దొరకదు.

ఇంద్రవెల్లి మాటా ఎండకాలపు మాటే. 1981 ఏప్రిల్ 20, సోమవారం, సంత రోజు. సభకు వచ్చిన ఆదివాసుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. అధికారిక లెక్క 13. ఊళ్లలో చెప్పుకునే లెక్క దానికి ఎన్నో రెట్లు. ఆ రోజు చూసినవాళ్లు ఇప్పుడు అరవై దాటినవాళ్లు, డెబ్బై దాటినవాళ్లు. ప్రతి ఏప్రిల్లో అక్కడి అమరుల స్థూపం దగ్గరికి వచ్చే ముసలివాళ్లలో ఏటా కొందరు తగ్గుతున్నారు. వాళ్ల మాటలు రాసుకోవడానికి "వచ్చే సెమిస్టరు" అని వాయిదా వేయడం కుదరదు.

ఇంత చెప్పి ఎండను పొగిడినట్టు అయితే అది తప్పు. 2015 మే నెలలో వడగాలులు రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిసి రెండు వేల మందికి పైగా ప్రాణాలు తీశాయి. పోయినవాళ్లలో ఎక్కువ మంది ముసలివాళ్లు, బయట పనికి పోక తప్పని కూలీలు. పరిశోధకుడు పది గంటలకు ఇంటికి చేరుకోగలడు, ఆయన ప్రశ్నలకు జవాబు చెప్పిన మనిషి చేరుకోలేడు. ఆ తేడా గుర్తుండాలి. ఉపాధి పని దగ్గర ఆడమనిషిని గంటసేపు నిలబెట్టి ప్రశ్నలడిగితే ఆ గంట ఆమె కొలతలో తగ్గుతుంది, కూలిలో తగ్గుతుంది. మంచి విద్యార్థి గడ్డపార పట్టుకొని కొంచెం తవ్విపెడతాడు. తట్ట మోసిపెడతాడు. నడుము పట్టేసిన పరిశోధకుణ్ణి చూసి ఊరు నవ్వుతుంది. ఆ నవ్వు తర్వాత వచ్చే మాటలు వేరుగా ఉంటాయి.

విశ్వవిద్యాలయాలు చేయగలిగింది పెద్దదేమీ కాదు. కరీంనగర్‌లో 2008 నుంచి శాతవాహన విశ్వవిద్యాలయం ఉంది. అంతకుముందు ఈ ప్రాంతపు కళాశాలలన్నీ వరంగల్‌లోని కాకతీయ కిందే ఉండేవి. ఆదిలాబాద్ వైపు కళాశాలలు ఇప్పటికీ దానికిందే. ఉట్నూరు పిల్ల తన థీసిస్ పని మీద గైడును కలవాలంటే రోజంతా బస్సులో ఉండాలి. మే నెలలో గ్రంథాలయం పొద్దున ఆరింటికి తెరిచి పదకొండుకు మూసినా చాలు, తిరిగి సాయంత్రం తెరవొచ్చు. పరిశోధకుల కోసం ఒక్క మెస్సు నడపొచ్చు. ఉట్నూరులోనో, జగిత్యాలలోనో ఉన్న ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో రెండు గదులు ఎండకాలం ఫీల్డుకు వచ్చేవాళ్లకు ఇవ్వొచ్చు, ఎట్లాగూ అవి ఖాళీగానే ఉంటాయి. జేఆర్‌ఎఫ్ ఫెలోషిప్ ఉన్నవాడికి నెలకు 37 వేలు. అది లేని రాష్ట్ర విశ్వవిద్యాలయపు పిల్లవాడికి ఎండకాలం పని అంటే దోస్తు పోసిన పెట్రోలే. ఫీల్డు ఖర్చుకు చిన్న మొత్తం ఇచ్చినా ఆ పిల్లవాడు ఒక కల్లం బదులు నాలుగు కల్లాలు చూస్తాడు. ఆ తేడా పట్టికల్లో కనబడుతుంది.

ఇప్పుడు థీసిస్‌లు శోధగంగ వెబ్‌సైటులో ఎవరైనా చదవొచ్చు. పోయి చూడండి, ముందు కృతజ్ఞతల పేజీ తెరవండి. గైడుకు, శాఖాధిపతికి, డీన్‌కు వరుసగా నమస్కారాలు, తర్వాత తల్లిదండ్రులకు, చివర "మిత్రులకు" అని ఒక్క మాట. బండి ఇచ్చినవాడు, ఎండలో వెంట వచ్చినవాడు, గోండిలో చెప్పింది తెలుగులోకి తెచ్చినవాడు, పీఎఫ్ పుస్తకం తెచ్చి చూపిన అమ్మ అందరూ ఆ ఒక్క మాటలో ఇరుక్కుని ఉంటారు. మూడో అధ్యాయం నిజానికి వాళ్లది. పేర్లు రాయమంటే పేజీ చాలదంటారు. ఏ ప్రయోజనమూ లేని పట్టికలతో అనుబంధం నలభై పేజీలు నింపే వాళ్లకు ఇక్కడ చోటు తక్కువైందా? వాళ్లు ఒప్పుకుంటే పేర్లు రాయాలి, ఊరి పేరుతో సహా. దుబాసీ పని చేసినవాడికైతే అది సాయం కాదు, సగం పరిశోధన.

జూన్ మొదటి వారం దాటితే గాలి మారుతుంది. గాలిదుమారం లేచి మామిడికాయలు రాలతాయి, కొన్ని చోట్ల రెండు చినుకులు పడతాయి. మృగశిర రోజు చేపల కోసం బజారులో జనం ఒకరినొకరు తోసుకుంటారు. ఆ మర్నాటి నుంచి రైతు విత్తనాల దుకాణం ముందు వరుసలో ఉంటాడు. ట్రాక్టరు దోస్తుకు ఫోను ఎత్తే తీరిక ఉండదు, గల్ఫ్ దోస్తు సెలవు అయిపోయి శంషాబాద్ దారి పట్టి ఉంటాడు, గ్రూప్స్ దోస్తుకు కొత్త పరీక్ష తేదీ వచ్చి ఉంటుంది. సరిగ్గా అప్పుడే సెలవులు ముగిసి శాఖ తెరుచుకుంటుంది. గైడు గారు చల్లబడ్డ గదిలో కూర్చొని, "వానలు పడ్డయి గదా, ఇగ ఫీల్డ్‌వర్క్ మొదలుపెట్టు" అంటారు. పరిశోధక విద్యార్థిని నోటుబుక్కు తీసి బల్ల మీద పెట్టి, "అయిపోయింది సార్, ఇప్పుడు పోతే దసరా దాకా మాట్లాడేటోళ్లు దొరకరు" అంటుంది.